ఆల్ఫా రోమియో స్పైడర్: నింద ఇంజిన్ మీద, తప్పు రేకుది (అపోహలు – వాస్తవాలు)

1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో మొదటిసారి కనబడిన ఆల్ఫా రోమియో స్పైడర్ (గుడ్డ టాపున్న ఇటలీ కారు), మార్పులు చేసుకుంటూ 1990ల దాకా తయారైంది. ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫారినా తీర్చిన ఒళ్లు, అల్యూమినియం ట్విన్‌క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌లు రెండున్న) ఇంజిన్, 5 గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఇంత చక్కని బండి చుట్టూ ఇన్ని పుకార్లు పేరుకుపోవడం బాధే. కొనేవాళ్లు భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు, అవసరం లేని చోట భయపడతారు.

అపోహ: ఇంజిన్ మరీ నాజూకు. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య సీలు) ఊరికే పోతుంది.

వాస్తవం: అయిదు మెయిన్ బేరింగులు, సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు, క్యాములు తిప్పడానికి బెల్టు కాకుండా చైను. ఇది గట్టి ఇంజినే. గాస్కెట్ పోయే మాట నిజమే, కానీ దానికి కారణాలున్నాయి. హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఆయిల్ దారుల దగ్గర చిన్న రబ్బరు రింగులుంటాయి. ఏళ్ల తరబడి వేడి తగిలి అవి గట్టిపడితే ఆయిల్ నీళ్లలోకి దిగుతుంది. రేడియేటర్ మూత తీస్తే మీగడలాంటి గోధుమరంగు తెట్టు కనబడుతుంది. గాస్కెట్ మార్చినప్పుడు మామూలు రబ్బరు రింగులు కాకుండా వేడికి ఆగే వైటాన్ రింగులు వేయించండి. కొత్త గాస్కెట్ వేసి సుమారు 1000 కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ పూర్తిగా చల్లారిన స్థితిలో, ఒక్కో నట్టునూ కాస్త వదులు చేసి టార్క్ రెంచితో మధ్య నుంచి బయటికి వరసగా మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు ఎగ్గొట్టడం వల్లే చాలా గాస్కెట్లు తిరిగి పోతున్నాయి.

ఇంకో జాగ్రత్త. సిలిండర్ లైనర్లు బ్లాకులో విడిగా కూర్చునేవి, చుట్టూ నీళ్లు. హెడ్ తీసి ఉన్నప్పుడు లైనర్లను క్లాంపులతో బిగించకుండా క్రాంకు తిప్పితే అవి పైకి లేచి కింది సీళ్లు చెడతాయి. ఆ తర్వాత నీళ్లు ఆయిల్ చాంబర్‌లోకి దిగితే ఆ నింద కూడా కారు మీదే పడుతుంది.

ట్యాపెట్ల (క్యాముకీ వాల్వుకీ మధ్య ఉండే భాగాల) సంగతికొస్తే, కాస్త టిక్కుమనడం మంచిదే. చప్పుడు పూర్తిగా ఆగిపోయిందంటే వాల్వు సీటులోకి దిగి గ్యాప్ తగ్గిపోయి ఉండొచ్చు. అలాగే నడిపితే వాల్వు కాలుతుంది. గ్యాప్ సరిచేయడానికి బకెట్ (గిన్నెలాంటి ట్యాపెట్) కింద ఉండే షిమ్ (చిన్న బిళ్ల) మార్చాలి, అందుకు క్యామ్ షాఫ్ట్ తీయక తప్పదు. కాబట్టి అన్ని వాల్వుల గ్యాప్ ముందే ఫీలర్ గేజ్‌తో కొలిచి కాగితం మీద రాసుకుని, ఒక్కసారే విప్పండి. పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టనక్కర్లేదు. నిమిషంలోపే మెల్లగా కదలండి. ఆయిల్ వేడెక్కేదాకా 3000 ఆర్‌పీఎమ్ దాటకండి.

అపోహ: సోవియట్‌లో కార్ల కర్మాగారం కట్టడానికి ఫియట్ సాయపడితే, ఆ ఒప్పందంలో బదులుగా వచ్చిన రష్యా ఉక్కు వాడారు, తుప్పు అందుకే.

వాస్తవం: తారీకులు చూస్తే చాలు, ఈ కథ నిలబడదు. ఫియట్ సాయంతో సోవియట్ టొల్యాట్టిలో కట్టిన కర్మాగారం నుంచి కార్లు రావడం మొదలైంది 1970లో. 1966–69 మధ్య తయారైన స్పైడర్లూ సరిగ్గా అవే చోట్ల తుప్పు పట్టాయి. పైగా అప్పుడు ఆల్ఫా ఫియట్‌ది కాదు, ఇటలీ ప్రభుత్వ సంస్థ. ఫియట్ చేతికి వచ్చింది 1986లో.

అసలు కారణం నీళ్లు నిలవడం. ముందు చక్రం చిమ్మిన బురద ఫెండర్ వెనక భాగంలో చేరి, తడి ఆరక, తలుపు కింది సిల్‌లోకి పాకుతుంది. ముందు అద్దం కింది గాడిలోని డ్రెయిన్ గొట్టాలు ఆకులతో మూసుకుపోతాయి. గుడ్డ టాపు అంచు నుంచి కారిన నీళ్లు సీట్ల వెనక చేరి ఫ్లోరు తింటాయి. డిక్కీలో స్టెప్నీ గుంటదీ అదే గతి.

పైకప్పు లేని కారు కాబట్టి బరువంతా సిల్ మీదే. అది ఒక్క రేకు కాదు, పొరలు పొరలుగా ఉన్న పెట్టె. బయటి పొరకి కొత్త రేకు అంటించి రంగేసి అమ్మే పని ఎక్కువ. పట్టుకోవడం ఇలా: తలుపు మూసి పైఅంచు దగ్గర సందు కొలవండి. జాకీతో ఆ పక్కను లేపి మళ్లీ కొలవండి. సందు మారితే లోపలి పొర పోయి ఉండొచ్చు. గుడ్డ చుట్టిన అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉందని గుర్తు. వీలైతే డ్రెయిన్ రంధ్రంలోంచి చిన్న బోరోస్కోప్ కెమెరా దూర్చి చూడండి.

సిల్ కోసే ముందు తలుపు సందుకి అడ్డంగా ఇనుప పైపు వెల్డ్ చేసి బాడీని కట్టేయాలి. ఒకసారి ఒక పక్క మాత్రమే. ఇది చేయకపోతే బాడీ మధ్యలో కుంగి, తలుపు మళ్లీ ఎన్నటికీ సరిగా పడదు. లోపల మైనం స్ప్రే వెల్డింగ్ అయ్యాకే. ఆఖరున డ్రెయిన్ రంధ్రాలు రంగుతో పూడిపోలేదని పుల్ల పెట్టి చూడండి.

ఇంజిన్ రిపేరుకి హద్దుంటుంది, రేకుకి ఉండదు. కొనేటప్పుడు బానెట్ ఎత్తే ముందు కారు కింద దూరండి.

అపోహ: రెండో గేరు గర్రుమంటే గేర్‌బాక్స్ అయిపోయినట్టే.

వాస్తవం: ఇందులోవి పోర్షే రకం సింక్రోలు (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు). చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయించడం దీని స్వభావం. న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి వేస్తే పడుతుంది. మరీ జారుడు సింథటిక్ ఆయిల్ పోస్తే సింక్రో పట్టు తగ్గి ఇంకా గర్రుమంటుంది. వేడెక్కాక కూడా అదే పాటైతే ముందు క్లచ్ చూడండి: కారు నిలబెట్టి, క్లచ్ తొక్కి, అయిదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అదీ గర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే లోపల ఉబ్బిన రబ్బరు హోసు కారణం కావచ్చు. గేర్‌బాక్స్ దించే ముందు దాన్ని మార్చండి.

అపోహ: అమెరికా మోడళ్లలోని స్పైకా ఇంజెక్షన్ (పంపుతో ఇంజిన్‌కి పెట్రోలు కొట్టే ఏర్పాటు) పీకేసి వెబర్ కార్బురేటర్లు పెట్టడమే మందు.

వాస్తవం: 1969 నుంచి, 1982లో బాష్ ఇంజెక్షన్ వచ్చేదాకా, అమెరికాకి వెళ్లిన స్పైడర్లలో ఉన్నది స్పైకానే. అక్కడి తెలుగువాళ్లు ఎవరైనా 70ల బండి కొనబోతే ఎదురయ్యేదీ ఇదే. పంపు చాలా గట్టిది. సాధారణంగా పోయేది దానికున్న థర్మోస్టాటిక్ యాక్చుయేటర్. ఇంజిన్ వేడెక్కిందని పంపుకి చెప్పేది అదే. అందులో ద్రవం కారిపోతే పంపు ఇంకా చలిలోనే ఉన్నాననుకుని పెట్రోలు గుమ్మరిస్తుంది: నల్లపొగ, ఆయిల్‌లో పెట్రోలు వాసన. యాక్చుయేటర్ మార్చాక ట్యాపెట్లు, ఇగ్నిషన్ టైమింగ్, లింకేజ్ కడ్డీలు, చివర్న మిక్స్చర్, ఈ వరస తప్పొద్దు. మిక్స్చర్ ముందు ముట్టుకుంటే మిగిలినవన్నీ తప్పే చూపిస్తాయి. పంపుని తిప్పే పళ్ల బెల్టు మార్చేటప్పుడు పంపు టైమింగ్ గుర్తు కలపడం మరవకండి. వెబర్లకీ సమస్యలు లేకపోలేదు. వాటికీ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బరు మౌంట్లు చీలితే గాలి పీల్చి ఐడిలింగ్ ఊగుతుంది.

అపోహ: ఇటలీ వైరింగ్ అంతే.

వాస్తవం: చాలావరకు అది చిలుమే. ఫ్యూజు బాక్సు పట్టీలను సన్న ఎమరీ కాగితంతో రుద్దండి, ఎర్త్ పాయింట్లు విప్పి శుభ్రం చేయండి. హెడ్‌లైట్లు వెలిగించి, బ్యాటరీ నెగటివ్‌కీ లైటు ఎర్త్‌కీ మధ్య కొలిస్తే 0.2 వోల్టు దాటకూడదు.

అపోహ: గుండ్రటి తోక ఉన్న డ్యుయెట్టోనే అసలు స్పైడర్.

వాస్తవం: డ్యుయెట్టో అన్నది పోటీ పెట్టి ఎంచిన పేరు. ఆ గుండ్రటి తోక అందానికి సాటి లేదు, సందేహం లేదు. కానీ 1970 మోడల్ నుంచి తోక నిలువుగా కోసినట్టు మారింది, డిక్కీ కూడా పెరిగింది. 1971లో వచ్చిన 1962 సీసీ ఇంజిన్‌కి కింది వేగాల్లో లాగే బలం మొదటి 1570 సీసీ కంటే బాగా ఎక్కువ. రోజూ నడపాలనుకునేవాళ్లు రేకు గట్టిగా ఉన్న 2000 (ఆ 1962 సీసీ మోడల్) దొరికితే తోక ఆకారం చూసి వదులుకోకండి.