పెంచలకోన దారిలో బరువు లెక్క

పొదలకూరులో ఒక నిమ్మకాయల కొట్టు కాటా మీద నా వీపు సంచి పెడితే 12 కిలోలు తూగింది. తెల్లవారుజామున నెల్లూరులో బయల్దేరి, దాదాపు ముప్పై కిలోమీటర్లు నడిచి సాయంత్రానికి అక్కడికి చేరాను. జనవరి నెల కాబట్టి ఎండ బాధ లేదు. అయినా భుజాలు మంటెత్తిపోతున్నాయి, కుడి మడమ మీద బొబ్బ లేచింది. నేను వెళ్లాల్సిన పెంచలకోన నరసింహస్వామి గుడి ఇంకా చాలా దూరం. కాయలు బస్తాలకెత్తిస్తున్న కొట్టాయన కాటా వైపు చూసి ఒక మాట అడిగాడు. "అన్నా, ఈ పన్నెండు కిలోల్లో ఈ పొద్దు వాడింది ఎంత?"

కొట్టు అరుగు మీదే సంచి విప్పి చూశాను. నీళ్లు, తువ్వాలు, ఫోను, ఒక బిస్కెట్ ప్యాకెట్ వాడాను. మందపాటి రగ్గు, రెండు జీన్స్ ప్యాంట్లు, స్టీలు క్యారియర్, అవసరం పడుతుందేమోనని తెచ్చిన ఇంకో జత బూట్లు పొద్దున సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. అవన్నీ ఆయన దగ్గరే పెట్టి, తిరిగొచ్చేటప్పుడు తీసుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. బరువు మనిషిని ఎలా అలసటపెడుతుందో అప్పటి నుంచి చదువుతూ, తూస్తూ, నడిచి చూస్తూ వచ్చాను. తెలిసిన దాంట్లో కొంత నేను ఊహించినదానికి భిన్నంగా ఉంది.

దూరపు నడకల్లో అల్ట్రాలైట్ అనే మాట అమెరికా నుంచి వచ్చింది. తిండి, నీళ్లు, పొయ్యి ఇంధనం రోజూ తరుగుతూ ఉంటాయి కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేస్తారు. మిగిలిన సామాను సంచితో కలిపి నాలుగున్నర కిలోల లోపు ఉంటే అది అల్ట్రాలైట్. ఈ మాట పుట్టకముందే ఆ పని చేసి చూపించిన మనిషి ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికా తూర్పు కొండల్లోని అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచి ముగించింది. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. కాళ్లకి గుడ్డ బూట్లు, భుజాన తను కుట్టుకున్న సంచి. అందులో ఒక దుప్పటి, ఒక వానకోటు, వానొస్తే కప్పుకోడానికి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. ఆమె గురించి చదివినప్పుడు తిరునాళ్లకి మూట చంకన పెట్టుకుని నడిచే మన పెద్దవాళ్లు గుర్తొచ్చారు.

ఇక లెక్కలోకి వద్దాం. బరువు మోస్తూ నడిచే మనిషికి ఎంత శక్తి ఖర్చవుతుందో అంచనా వేయడానికి, అమెరికా సైన్యపు పరిశోధనల్లోంచి 1977లో పాండాల్ఫ్, ఆయన సహచరులు ఒక సూత్రం ఇచ్చారు. మనిషి బరువు, మోత బరువు, వేగం, దారి వాలు, నేల రకం అందులో వేస్తే జవాబు వాట్లలో వస్తుంది. 70 కిలోల మనిషి, చదునైన తారు రోడ్డు, గంటకి నాలుగున్నర కిలోమీటర్ల వేగం అనుకుని లెక్క కట్టాను. 12 కిలోల సంచితో 302 వాట్లు, 5 కిలోల సంచితో 282 వాట్లు వచ్చాయి. వెనకటి వంద వాట్ల బల్బులు మూడు వెలిగితే ఎంతో దాదాపు అంత. ఏడు కిలోలు తీసేస్తే మిగిలేది ఇరవై వాట్లు, అంటే నూటికి ఏడు కూడా కాదు.

మొదట ఈ అంకె చూసి నిరాశపడ్డాను. తర్వాత అదే సూత్రంలో నేల మార్చి చూశాను. తారు రోడ్డుకి ఒకటి అనే గుణకం వేస్తే, మట్టిబాటకి 1.1, దట్టమైన పొదల్లో 1.5, కాలు దిగబడే వదులు ఇసుకలో 2.1. ఐదు కిలోల సంచి మనిషిని అదే వేగంతో మైపాడు ఇసుకలో నడిపిస్తే 282 వాట్లు కాస్తా 475 అవుతాయి. సంచిలో ఏడు కిలోలు తగ్గించి ఆదా చేసినదానికి దాదాపు పది రెట్లు ఒక్క ఇసుకే తినేస్తుంది. తీరంలో పుట్టిపెరిగిన వాళ్లు అలలు తడిపి గట్టిపరిచిన అంచునే పట్టుకుని నడుస్తారు. ఆ నడకకి ఈ సూత్రంలో నాకు లెక్క దొరికింది.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మోత బరువు గట్టిగా తెలుస్తుంది. నూరడుగులకి పదడుగులు లేచే దారిలో అదే వేగంతో నడవాలంటే ఆ ఇరవై వాట్ల తేడా యాభై దాటుతుంది. ఉదయగిరి దుర్గం ఎక్కేవాళ్లు కింద ఊళ్లోనే సామాను పెట్టి వెళ్లడం మంచిది.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా చూడాలి. నా మటుకు ఈ లెక్కల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. 1969లో సోల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనుషుల నెత్తి మీద, చేతుల్లో, పాదాలకి బరువులు పెట్టి నడిపించి, వాళ్ల శ్వాసని బట్టి శక్తి ఖర్చు కొలిచారు. మనిషి తన ఒంటి బరువులో ఒక్కో కిలోకి పెట్టే ఖర్చుతో పోల్చారు. నెత్తి మీద పెట్టిన కిలోకి దానికి 1.2 రెట్లయింది. చేతుల్లో పట్టుకుంటే 1.4 నుంచి 1.9 రెట్లు. పాదాలకి కడితే వేగాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు రెట్లు దాటింది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. వీపు మీది సంచి మనతో పాటు ఒకే తీరుగా ముందుకు పోతుంది. పాదం అలా కాదు. నేల మీద ఆగుతుంది, లేస్తుంది, ఒళ్లు సాగే వేగాన్ని దాటుకుని ముందుకు దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రతి అడుగుకీ దాన్ని కొత్తగా కదిలించాలి, కొత్తగా ఆపాలి. పైగా అది కాలు అనే పొడుగు కర్ర చివర ఉంది. నెల్లూరు నుంచి పెంచలకోనకి ఎనభై కిలోమీటర్లు అనుకుంటే, అడుగుకి 70 సెంటీమీటర్ల చొప్పున లక్షా పద్నాలుగు వేల అడుగులు. బూటు ఒక్కోటి వంద గ్రాములు బరువెక్కువైతే ఆ దారి మొత్తానికి పదకొండు టన్నుల పైచిలుకు అదనంగా ఎత్తి ముందుకు వేసినట్టు. డబ్బు తక్కువగా ఉండి ఒక్క వస్తువే మార్చగలిగితే పాదరక్షలే మార్చండి. చీలమండ దాకా వచ్చే బరువైన తోలు బూట్లు మన రోడ్లకి, మన వేడికి అక్కర్లేదని నా అభిప్రాయం.

నెత్తి మీద బరువుకి ఖర్చు తక్కువన్న సంగతి ఇంకొంత దూరం పోయింది. 1986లో కెన్యాలోని లువో, కికుయు ఆడవాళ్లని పరీక్షిస్తే, తమ బరువులో ఐదో వంతు దాకా నెత్తిన గానీ, నుదుటి పట్టీకి వేలాడదీసి గానీ మోసినా శక్తి ఖర్చు పెరగలేదు. మనిషి నడక గడియారం లోలకంలా ఊగే కదలిక. ఆ ఊపులో ఎత్తు, వేగం ఒకదానిలోకి ఒకటి మారుతూ కొంత శక్తి తిరిగి చేతికొస్తుంది. ఆ ఆడవాళ్లు మోత మీద ఉన్నప్పుడు ఆ మార్పిడి ఇంకా బాగా జరుగుతోందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. చిన్నప్పటి నుంచి మోసిన అలవాటుతో వచ్చిన నేర్పు అది. చుట్టకుదురు మీద బిందె పెట్టుకుని, చెయ్యి వదిలేసి నడిచే మా ఊరి అమ్మలు నాకు వెంటనే కళ్లముందు మెదిలారు.

బొబ్బకి మాత్రం బరువొక్కటే కారణం కాదు. చెమటకి నానిన చర్మం సాక్స్‌కి అతుక్కుని కదలదు. లోపల మడమ ఎముక మాత్రం అడుగడుగుకీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. రెంటి మధ్యన చర్మం పొరలు సాగి సాగి లోపలే విడిపోతాయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. అందుకే బొబ్బ లేచేముందు అక్కడ వేడిగా చురుక్కుమంటుంది. ఆగాల్సింది ఆ క్షణంలోనే. పల్చటి సాక్స్ రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే రాపిడి ఆ రెంటి మధ్యకి పోతుంది. రెండు గంటలకోసారి కాళ్లు ఆరబెట్టుకోవడం నేను మానను.

ఇప్పుడు నీళ్లు. విదేశీ నడకల జాబితాల్లో బరువంతా గుడారం, పక్కబట్టలు, సంచి ఈ మూడింట్లో ఉంటుంది. అక్కడి చలి అలాంటిది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పక్కబట్టలకి ఒక పంచె, ఒక పల్చటి దుప్పటి సరిపోతాయి. మనకి అసలు బరువు నీళ్లది. లీటరు అంటే కిలో, దానికి తేలిక రకమంటూ లేదు. చదునైన దారిలో ఆ 282 వాట్లు దాదాపు అంతా చివరికి ఒంట్లో వేడిగానే తేలుతుంది. ఒక లీటరు చెమట ఆరితే 24 లక్షల జౌళ్ల వేడి పోతుంది (ఒక వాటు అంటే సెకనుకి ఒక జౌలు) కాబట్టి, ఆ వేడినంతా చెమటే మోసుకుపోవాలంటే గంటకి 420 మిల్లీలీటర్లు ఆరాలి. ఎండ ఒంటి మీద పోసే వేడి దీనికి అదనం. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరేలోపే కారిపోతుంది. కారిపోయిన చెమట వల్ల చల్లదనం రాదు, నీరూ ఉప్పూ మాత్రం పోతాయి.

అందుకని నీళ్లు తగ్గించకూడదు. రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో ముందే తెలుసుకోవాలి. పెంచలకోన రోడ్డులో ఊళ్లు, కొట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వేసవిలో చలివేంద్రాలు పెడతారు. లీటరున్నర చాలు. దోర్నాల దాటి శ్రీశైలం వైపు నల్లమలలోకి దిగితే లెక్క మారిపోతుంది, మూడు నాలుగు లీటర్లయినా మోయాల్సిందే. సీసా విషయంలో కూడా తేడా ఉంది. స్టీలు సీసా ఖాళీదే మూడు వందల గ్రాములు ఉంటుంది, కొట్టులో కొన్న లీటరు నీళ్ల సీసా ఖాళీ అయితే పాతిక గ్రాములు. నీటితో పాటు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉండాలి. ఇరవై గ్రాముల పైచిలుకు బరువు, లీటరు నీళ్లకి సరిపోతుంది. అందులోని గ్లూకోజు పేగు గోడలోంచి ఉప్పుని తనతో లోపలికి లాక్కుపోతుంది, దాని వెంట నీళ్లు పోతాయి.

కనిగిరి వైపు నడిచేవాళ్లకి ఒక మాట. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వంద గ్రాముల లోపు బరువుండే చిన్న ఫిల్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి బ్యాక్టీరియా లాంటి సూక్ష్మక్రిములని ఆపుతాయి, నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ని ఆపలేవు. రెండ్రోజులు తాగితే ఫ్లోరోసిస్ రాదు, అది ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. అయినా ఫిల్టర్ ఉంది కదా అని బోరు నీళ్లు పూర్తిగా బాగుపడ్డాయనుకోవద్దు.

ఇక అల్ట్రాలైట్ సామాన్లలో ఎక్కువ ధర పలికే గుడ్డ గురించి. డైనీమా అంటారు. దాని దారం నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీలో పుట్టింది. అదేంటో తెలుసుకోవాలంటే ఇంట్లో ఖాళీ యూరియా బస్తా ఉంటే చాలు. అంచు నుంచి ఒక పట్టీ దారం లాగండి. రెండు చేతులకీ చుట్టుకుని గుంజితే వేళ్లు కోసుకుపోతాయి గానీ అది తెగదు. అదే దారాన్ని మధ్యలో గోటితో గుచ్చి పక్కకి తీస్తే నిలువునా పీచులు పీచులుగా చీలిపోతుంది. తయారు చేసేటప్పుడు ప్లాస్టిక్ రేకుని కోసి పొడుగ్గా సాగదీస్తారు. అప్పటిదాకా చిక్కుపడి ఉన్న అణుగొలుసులు దువ్విన జుట్టులా ఒకే వైపుకి తిరుగుతాయి. ఆ వైపు బలమంతా వస్తుంది, అడ్డంగా ఏమీ మిగలదు. పల్చటి పాలిథిన్ కవర్ ముక్కని మెల్లగా లాగి చూసినా ఇదే. కొంత దూరం మెత్తగా సాగి, ఆ తర్వాత మొరాయిస్తుంది.

డైనీమా కూడా పాలిథిలీనే. బకెట్టు, బిందె, క్యారీబ్యాగు ఏ జాతివో అదీ ఆ జాతే. తేడా గొలుసు పొడుగులో ఉంది, మామూలు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అంత పొడుగు గొలుసులు ఊరికే సాగదీస్తే చిక్కు వీడవు. ముందు ద్రావకంలో కరిగించి వదులు చేసి, ఆ తర్వాత దారం తీసి సాగదీస్తారు. బరువుకి బరువు చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టిది, నీళ్ల మీద తేలుతుంది. కానీ 150 డిగ్రీల వేడి దగ్గర్లోనే కరిగిపోతుంది కాబట్టి పొయ్యి పక్కన పెట్టకూడదు. నేను మాత్రం కొనలేదు. మన వానకి నేసిన పట్టా ముక్క చాలు. యూరియా బస్తా దారం లాంటి దారంతోనే దాన్నీ నేస్తారు, నాలుగు వందల గ్రాములు తూగుతుంది, కోళ్లగూటి మీద కప్పిన పట్టా ఎన్ని వానలకి తట్టుకుంటుందో ఊళ్లో అందరం చూసిందే.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. దోమతెర మూడు వందల యాభై గ్రాములు, టార్చి ఎనభై. దోమలు ఒక కారణమైతే కట్లపాము ఇంకో కారణం. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెర అంచులు చాప కిందికి దోపుకుని పడుకుంటే పాముకి దారి ఉండదు. గొడుగు నాలుగు వందల యాభై గ్రాములున్నా నేను వదలను. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకి వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. నూలు బట్టలు వద్దని చలిదేశాల వాళ్లు అంటారు, తడి నూలు ఒంటి వేడిని లాగేస్తుందని. మనకి కావాల్సిందే అది. సాక్స్ మాత్రం నూలువి వద్దు.

సంచి అన్నిటికంటే చివర కొనాలి. లోపల పెట్టేవి తగ్గాక, ఇనప చట్రం లేని నాలుగు వందల యాభై గ్రాముల సంచి చాలని అప్పుడు తెలుస్తుంది.

వైశాఖంలో కోనలో ఉత్సవాలప్పుడు మళ్లీ బయల్దేరాను. పగలు రోడ్డు మీద తారు అరవై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎండ తగ్గాకే నడిచాను. పొదలకూరులో అదే కాటా మీద సంచి పెడితే నీళ్లతో కలిపి 5 కిలోల 50 గ్రాములు తూగింది. కొట్టాయన సంచిని ఒంటి చేత్తో ఎత్తి చూసి, పక్కన రాశిలోంచి రెండు నిమ్మకాయలు తీసి దాని పక్క జేబులో వేశాడు. 5 కిలోల 130. రాత్రి రెండు గంటలప్పుడు ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని, ఒక కాయ కోసి సీసాలో పిండి, చిటికెడు ఉప్పు వేసుకుని తాగాను. నా ముందు నుంచి యాత్రికులు గుంపులు గుంపులుగా పోతున్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ నెత్తిన చిన్న మూటతో, చేతులు ఊపుకుంటూ, నాకంటే చురుగ్గా నడిచి వెళ్లిపోయింది.