తారాజువ్వకు పుల్ల, రాకెట్టుకు రెక్క

"తారాజువ్వకు పుల్ల తీసేస్తే నేల మీదే గిరగిరా తిరుగుతుంది. మరి కిట్టు రాకెట్టుకు పుల్లే లేదు, అదెట్లా నిటారుగా లేస్తుంది?" హనుమకొండ నుంచి ఒక బడి విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. కిట్టు రాకెట్టు అంటే భాగాలు కొని తెచ్చి మనమే అతికించి ఎగరేసే చిన్న రాకెట్టు. ఎంత మంచి ప్రశ్నో! మన పాఠాల్లో రాకెట్టు అనగానే న్యూటన్ మూడో సూత్రం చెప్పి వదిలేస్తారు. రాకెట్టు ఎందుకు లేస్తుందో అది చెబుతుంది. తిన్నగా ఎందుకు పోతుందో చెప్పదు.

కావడి గుర్తు తెచ్చుకోండి. రెండు కుండలూ సమానంగా ఉంటే భుజం బద్ద నడిమిన ఉంటుంది, ఒకటి బరువెక్కితే భుజం అటు జరగాలి. రాకెట్టులో అట్లాంటి కావళ్లు రెండున్నాయి. మొదటిది బరువుల కావడి, దాని భుజం గురుత్వ కేంద్రం. రెండోది గాలి కావడి. రాకెట్టు కాస్త ఒరిగితే గాలి ముక్కునూ నెడుతుంది, రెక్కలనూ నెడుతుంది. ఆ రెండు నెట్టుళ్ల మధ్య భుజం పీడన కేంద్రం. గాల్లో ఉన్న రాకెట్టు తిరిగేది మొదటి భుజం చుట్టూ, గాలి నెట్టేది రెండో భుజం దగ్గర. రెండోది తోక వైపు ఉంటే గాలే ముక్కును మళ్లీ దారిలో పెడుతుంది. ముక్కు వైపు ఉంటే ఒరిగినదాన్ని ఇంకా ఒరగదోస్తుంది, రాకెట్టు పల్టీలు కొడుతుంది. రెండింటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఎడం ఉండాలి.

ఈ గాలి కావడిని కాగితం మీద తూచే లెక్కను 1966లో అమెరికా రాకెట్టు ఇంజినీరు జేమ్స్ బారోమన్ ఇచ్చాడు. 25 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు ఉన్న గొట్టం, దాని మీద నున్నగా వంపు తిరిగిన 70 మి.మీ. ముక్కు తీసుకుందాం. తోక దగ్గర మూడు రెక్కలు: గొట్టానికి అతికే మొదలు పొడుగు 60, బయటి కొస పొడుగు 40, బయటికి 40 మి.మీ., ముందంచు 20 మి.మీ. వెనక్కి వాలినది. ఒరుగు స్వల్పమైతే గాలి నెట్టుడులో నున్నటి గొట్టానికి వాటా లేదు. ముక్కు ఏ ఆకారంలో ఉన్నా దాని వాటా 2. రెక్కల వాటా 16.6. ముక్కు నెట్టుడు ముక్కు కొస నుంచి 33 మి.మీ. దగ్గర, రెక్కలది 332 దగ్గర. కావడి తూస్తే భుజం 300 మి.మీ. దగ్గర నిలుస్తుంది. కాబట్టి గురుత్వ కేంద్రం 275కు ముందే ఉండాలి. ఇప్పుడు రెక్కను బయటికి 20 మి.మీ.కు కుదించండి. వాటా సగం కాదు, 5.1కి పడిపోతుంది! భుజం 247కు ఎగబాకుతుంది. అందం కోసం రెక్కలు కత్తిరించినవారి రాకెట్టు పల్టీ కొట్టేది ఇందుకే. అట్లాగని మరీ పెద్దవి పెట్టినా మేలు కాదు, గాలి వీచే దిక్కుకే తిరిగిపోతుంది.

ఇక జువ్వ సంగతి. పుల్ల తన బరువుతో మొదటి భుజాన్ని కొంత వెనక్కి లాగుతుంది, కానీ పొడుగునా గాలిని పట్టి రెండో భుజాన్ని ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. జువ్వలో మందు ముందుంటుంది. అది కాలేకొద్దీ బరువు వెనక్కి జరుగుతుంది. కిట్టులో మందు తోకలో ఉంటుంది, కాలేకొద్దీ బరువు ముందుకు జరుగుతుంది. అంటే కిట్టు రాకెట్టుకు అన్నిటికన్నా గండమైన క్షణం లేచే క్షణమే. అప్పటికి వేగం లేక రెక్కలకు గాలి కూడా పట్టదు, అందుకే అప్పటిదాకా దాన్ని నిటారుగా నడిపే మీటరు పొడుగు కడ్డీ, లాంచ్ రాడ్. తూకం చూసేటప్పుడు కాలని మోటారు (మందు కూరిన గొట్టం), మంట తగలకుండా వేసే కాగితం, పారాచూట్ అన్నీ లోపల పెట్టాకే దారం ఉచ్చులో వేలాడదీయాలి. మోటార్లకు బలాన్ని బట్టి అక్షరాలుంటాయి, సి తరగతి మోటారు ఒక్కటే దాదాపు 24 గ్రాములు. అది లేకుండా చూసిన తూకం తూకం కాదు.

రెక్కల బాల్సా చెక్క నారలు ముందంచు వెంట ఉండాలి, అడ్డంగా ఉంటే నేలకు దిగగానే పుటుక్కున విరుగుతాయి. ఫెవికాల్ రెండు వైపులా పలచగా రాసి ఆరనిచ్చి, మళ్లీ రాసి అతికిస్తే పట్టు గట్టిగా ఉంటుంది. చెక్క రంధ్రాలు మూసే సీలర్ పూసి, 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఆపైన రంగు. వానాకాలం తేమలో స్ప్రే కొడితే రంగు తెల్లగా మసకబారుతుంది. రెక్కల మీద పూత మీద పూత వేస్తే బరువంతా తోకకు చేరుతుంది, మొదటి భుజం వెనక్కి జారుతుంది.

మోటార్లను ఎండాకాలం రేకుల కింద పెట్టొద్దు. వేడికీ చల్లదనానికీ మందు గొట్టాన్ని వదిలి పగుళ్లిస్తే ముట్టించగానే పేలుతుంది. ఇంట్లో మందు కూరడం మాట అసలే వద్దు, అది ప్రాణాంతకం, పైగా లైసెన్సు లేనిదే నేరం. యాసంగి కోతలయ్యాక పొలం ఖాళీగా కనిపిస్తుంది గానీ ఎండిన కొయ్యకాళ్లకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. రాడ్ చుట్టూ నేల తడిపి, తాటిచెట్లకు దూరంగా పెట్టి, ఐదు మీటర్ల అవతల నుంచి బ్యాటరీతో ముట్టించాలి.

జువ్వ పక్కింటి మీద పడితే దిష్టి అంటారు. పుల్ల విరిగిందేమో చూడండి. రాకెట్టుకు దిష్టిచుక్క పెడితే మనసుకు ధైర్యం రావచ్చు, మొదటి భుజం మాత్రం జరగదు. జరపాలంటే ముక్కులో బరువు పెట్టాలి. మన రాకెట్టు 70 గ్రాములుండి, 275 దగ్గర ఉండాల్సిన తూకం 285 దగ్గర ఉందనుకోండి. కొస నుంచి 40 మి.మీ. దగ్గర 3 గ్రాముల ఎం-సీల్ ముద్ద చాలు. గట్టిపడ్డాక మళ్లీ దారానికి వేలాడదీసి చూడండి.