తడిసినా నిలిచే నార

పసిపిల్లల డైపర్‌లో తడిని చివరికి పట్టి ఉంచేవి సోడియం పాలీయాక్రిలేట్ గుళికలు. తమ బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చుకోగలవు కానీ, ఉబ్బడానికి వాటికి కొంత సమయం కావాలి. అంతలోపే తడి మీదికి వచ్చిపడుతుంది. ఆ కాసేపు దాన్ని ఆపి, పక్కలకు పరిచి, కిందికి అందించే పలుచని పొర ఒకటి గుళికలకు పైన ఉంటుంది. ఆ పొర కోసం వాడే పదార్థాల్లో రసాయనికంగా మార్చిన కలప నార ఒకటి. దాని తయారీ ఎంత తెలివైనదో తెలిస్తే, పారేసే వస్తువని దాన్ని చిన్నచూపు చూడలేము.

ముందు మామూలు నార సంగతి. అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ చెట్ల నుంచి తీసిన గుజ్జులో ఒక్కో నార పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. తెల్లబరిచాక మిగిలేదాంట్లో అధిక భాగం సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ గొలుసులు. ఒక్కో గ్లూకోజ్ ముక్కకు మూడు హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి. పక్కపక్క గొలుసులు వీటి ద్వారా హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. నీరు ఆ బంధాల మధ్యకు దూరి వాటిని సడలిస్తుంది. నార మెత్తబడి, కాస్త బరువు పడగానే అణగిపోతుంది. నారల మధ్య ఖాళీలు మూసుకుపోయి, రెండోసారి వచ్చిన తడికి దారి ఉండదు.

నీరు విప్పలేని బంధం కావాలి. ఆ దారి నూలు బట్టల పరిశోధన చూపింది. ముడతలు పడని చొక్కాలో ఉన్నదీ ఇదే కిటుకు: పక్కపక్క సెల్యులోజ్ గొలుసుల మధ్య నిచ్చెన మెట్లలా అడ్డబంధాలు వేయడం. మొదట్లో అందుకు ఫార్మాల్డిహైడ్ ఆధారిత రసాయనాలు వాడారు. అది ఆరోగ్యానికి హానికరం. 1988లో న్యూ ఆర్లీన్స్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో క్లార్క్ వెల్చ్, ఫార్మాల్డిహైడ్ లేకుండా పాలీకార్బాక్సిలిక్ ఆమ్లాలతో (ఒక్కో అణువులో ఒకటికి మించి ఆమ్ల సమూహాలున్నవి) ఆ పని చేయించవచ్చని చూపాడు. అలాంటి ఆమ్లాల్లో చవకైనది సిట్రిక్ ఆమ్లం, మన వంటింటి నిమ్మ ఉప్పు.

సిట్రిక్ ఆమ్లం అణువులో మూడు ఆమ్ల సమూహాలుంటాయి. వేడి చేస్తే వాటిలో రెండు కలిసి నీటిని వదిలేసి యాన్‌హైడ్రైడ్‌గా మారతాయి. అది సెల్యులోజ్ హైడ్రాక్సిల్‌తో కలిసి ఎస్టర్ బంధం ఏర్పరుస్తుంది. మిగిలిన సమూహాలు మళ్లీ అలాగే మారి మరో గొలుసును పట్టుకుంటాయి. సోడియం హైపోఫాస్ఫైట్ ఈ చర్యను వేగవంతం చేస్తుంది.

అసలు చిక్కు రసాయనంలో కాదు, వరుసలో ఉంది. గుజ్జు కర్మాగారానికి మందపాటి షీటు చుట్టలుగా వస్తుంది. దాన్ని ఆమ్ల ద్రావణంలో ముంచి అలాగే కాల్చేస్తే, అంటే బంధాలు ఏర్పడేంతగా వేడి చేస్తే, సులువే. కానీ షీటులో నారలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. బంధానికి నార లోపల, నార బయట అనే తేడా తెలియదు. పక్క నారలు కూడా అతుక్కుపోతాయి. తర్వాత హ్యామర్ మిల్లులో (సుత్తెలతో కొట్టి నారను విడదీసే యంత్రం) వేస్తే కొన్ని ముడులుగా మిగులుతాయి, కొన్ని విరిగి పొడిగా మారతాయి.

అందుకే షీటును ఆమ్ల ద్రావణంలో తడిపి, పిండి, ముందే నార నారగా విడదీస్తారు. వేడిగాలిలో ఆరేటప్పుడు ప్రతి నారా మెలికలు తిరుగుతుంది. ఆ తర్వాతే, సుమారు 160 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అడ్డబంధాలు ఏర్పడి ఆ మెలికను శాశ్వతం చేస్తాయి. విడదీయడం ముందు, కాల్చడం తర్వాత. ఈ వరుస తప్పితే మంచి రసాయనం కూడా వృథా.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దీని ఫలితం. ఇలా మార్చిన నార గోడలు మామూలు నార కన్నా తక్కువ నీటినే పట్టి ఉంచుతాయి. అయినా పొర మొత్తం మెరుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే గట్టిపడిన మెలికల మధ్య ఖాళీలు తడిసినా మూసుకోవు. ఇబ్బందులూ లేకపోలేదు. వేడి ఎక్కువైతే సిట్రిక్ ఆమ్లం విచ్ఛిన్నమై నారకు పసుపు ఛాయ వస్తుంది. క్షారం తగిలితే ఎస్టర్ బంధాలు తెగుతాయి.

షీటుగానే కాల్చాలన్న ప్రయత్నాలు మాత్రం ఆగలేదు. కాస్టిక్ సోడాతో ముందే శుద్ధి చేసిన గుజ్జు వాడి, లేదా నారల మధ్య పట్టును సడలించే రసాయనాలు కలిపి, అతుకులు తగ్గించే పద్ధతులకు పేటెంట్లున్నాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది: విడి నారను బేళ్లుగా కట్టి పంపాలి, షీటునైతే చుట్టగానే పంపవచ్చు. డైపర్ కర్మాగారంలో ఇప్పటికే ఉన్న హ్యామర్ మిల్లే దాన్ని అక్కడికక్కడ విడదీస్తుంది.