మార్చి వానలో సైకిల్ రేసు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మిచిగన్, ఇలినాయి, న్యూజెర్సీ వైపు అమెచ్యూర్ రోడ్ రేసులు మార్చిలోనే మొదలైపోతాయి. క్యాలెండర్‌లో వసంతం, బయట 4 డిగ్రీలు, పైన సన్నటి వాన. ఉగాది అంటే ఎండలు ముదిరే రోజులనే అలవాటు ఉన్న మనవాళ్ళు ఈ చలిని తేలిగ్గా తీసుకుని నోవిస్ (కొత్తవాళ్ళ) కేటగిరీలో పేరిచ్చేస్తారు. వాళ్ళ నోట ప్రతి ఏడూ వినబడే మాటలు ఇవి.

అపోహ: చలిని ఓర్చుకోవడం గుండె ధైర్యం మీదే ఉంటుంది.

బెల్జియంలో జరిగే లియేజ్-బాస్తోన్-లియేజ్ రేసులో 1980లో మంచు కురుస్తుంటే ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఈనో 9 నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడని అందరూ చెప్పుకుంటారు. 174 మంది బయలుదేరితే చివరిదాకా వచ్చింది 21 మందే. ఆ చలికి ఈనో వేళ్ళు రెండు శాశ్వతంగా దెబ్బతిన్నాయి, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇటలీలో జరిగే మిలాన్-సాన్‌రెమో రేసులో 2013లో అయితే మంచు వల్ల నిర్వాహకులే మధ్యలో రేసు ఆపి, ప్రొఫెషనల్స్‌ని బస్సులెక్కించి తుర్కీనో కనుమ దాటించారు.

5 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒంటికి తగిలే చలి దాదాపు మైనస్ 1. ఇది పొడి బట్టల మాట, తడిస్తే ఇంకా ఘోరం. ఒళ్ళు చల్లబడగానే శరీరం గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట వేడి నిలుపుకోవడానికి చేతులకూ కాళ్ళకూ రక్తం తగ్గించేస్తుంది. మీ పట్టుదలతో దానికి పనిలేదు. తొడల్లో సత్తువ ఉండగానే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇక బ్రేకు అందదు, గేరు పడదు, జేబులోంచి ఎనర్జీ జెల్ ప్యాకెట్ రాదు. ఇలాంటి రోజున చాలామంది రేసు వదిలేసేది చేతుల వల్లే.

అపోహ: మందపాటి స్కీ గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుంది.

గట్టి వాన పడితే అవి అరగంటలో నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతాయి, బ్రేకు లివర్ తగిలిందో లేదో కూడా తెలియదు. వానకు 2-3 మిల్లీమీటర్ల నియోప్రీన్ గ్లవ్స్ మేలు. అవి తడుస్తాయి, కానీ లోపలికి చేరిన నీళ్ళు ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే ఉంటాయి. వాటి లోపల మందుల షాపులో దొరికే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ వేస్తే గాలి కోత ఇంకా తగ్గుతుంది. బిగుతుగా ఉన్నవి మాత్రం వద్దు, అసలే తక్కువగా వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. కొనేటప్పుడే వేసుకుని, రెండు వేళ్ళతో బ్రేకు నొక్కి, గేరు మార్చే చిన్న షిఫ్టర్ బటన్ అందుతుందో లేదో చూసుకోండి.

వార్మప్‌కి ఒక జత, రేసుకి ఇంకో జత పెట్టుకోండి. రేసు జతను వెచ్చగా, పొడిగా ఉన్న చేతులకే తొడగాలి. అప్పటికే గడ్డకట్టిన చేతుల్ని ఏ గ్లవ్సూ వెచ్చబరచలేవు. స్టార్ట్ లైన్ దగ్గర పది నిమిషాలు నిలబెట్టడం మామూలే కాబట్టి పాత జాకెట్ ఒకటి వేసుకుని వెళ్ళి, చివరి రెండు నిమిషాల్లో తెలిసినవాళ్ళ చేతికివ్వండి.

అపోహ: కాళ్ళకు ఎంబ్రొకేషన్ (వెచ్చదనం కోసం రాసుకునే క్రీమ్) రాస్తే మోకాళ్ళ తొడుగులు (knee warmers) అక్కర్లేదు.

అది చర్మానికి మంట పుట్టిస్తుంది, అంతే. కండరం, మోకాలు చల్లగానే ఉంటాయి. రాసుకునేవాళ్ళు బిబ్ షార్ట్స్ (భుజాల పట్టీలున్న సైకిల్ నిక్కరు) తొడుక్కున్నాకే రాసుకోవాలి. వరస తప్పితే జరిగేది ఊహించుకోవచ్చు.

అపోహ: వాన జాకెట్ వేసుకుంటే బట్టల సమస్య తీరినట్టే.

గాలాడని జాకెట్ లోపల అరగంటలో చెమట పట్టి బయట వాన, లోపల వాన అవుతుంది. ఒంటికి అంటుకునే పల్చటి ఉన్ని లేదా పాలియెస్టర్ బేస్ లేయర్, దానిపైన నీళ్ళు జారిపోయే బిగుతైన జెర్సీ, హెల్మెట్ కింద పల్చటి టోపీ వేసుకోండి. అవసరమైతే పైన గిలెట్ (చేతుల్లేని పల్చటి జాకెట్). ఇంకో సంగతి. నంబరును జెర్సీకి పిన్ను చేసి దాని మీద నల్ల జాకెట్ వేసుకుంటే ఫినిష్ కెమెరాకి మీరు కనబడరు, ఫలితాల్లో పేరు ఉండకపోవచ్చు. ఏ బట్టతో గీత దాటుతారో దానికే నంబరు కుట్టండి, లేదా పారదర్శకంగా ఉండే జాకెట్ కొనండి.

అపోహ: తడి రోడ్డుకి గాళ్ళున్న టైరు కావాలి.

కారు టైరు చూసి పుట్టిన నమ్మకం ఇది. సైకిల్ టైరు సన్నం, గాలి ఒత్తిడి ఎక్కువ. మామూలు రేసు వేగాల్లో అది నీటి మీద తేలిపోదు. తారు మీద పట్టు వచ్చేది రబ్బరు రకం నుంచీ, గాలి నుంచీ. 75 కిలోల రైడరు 28 మిల్లీమీటర్ల టైరులో పొడి రోజు 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడుతుంటే తడి రోజు 62-65కి దించవచ్చు. ఇంకా దించితే గుంతల్లో రిమ్ము తగులుతుంది. చలికాలమంతా గడ్డకట్టి కరిగిన రోడ్ల మీద గుంతలకు కొదవుండదు, నీళ్ళు నిండితే అవి కనబడవు కూడా. మిచిగన్‌లోని బ్యారీ-రూబే లాంటి మట్టి, కంకర రేసుల లెక్క వేరు, అక్కడ వెడల్పాటి గాళ్ళ టైర్లకు నిజంగానే పని ఉంటుంది.

పంక్చర్లు కూడా తడిలోనే ఎక్కువ. నీళ్ళు గాజు పెంకుల్ని అంచుల నుంచి రోడ్డు మధ్యకు తెస్తాయి, తడిసిన రబ్బరును గాజు సులువుగా కోసేస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే సీజన్ మొదట్లోనే పాత సీలెంట్ (టైరులో చిల్లులు పూడ్చే ద్రవం) ఎండిపోయిందేమో చూసి, చక్రానికి 30 మిల్లీలీటర్లు కొత్తది పోయండి.

అపోహ: డిస్క్ బ్రేకులుంటే మలుపుల్లో భయం లేదు.

బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, రోడ్డును పట్టుకోవాల్సింది టైరే. చలికాలంలో మంచు మీద బళ్ళు జారకుండా చల్లిన ఇసుక మార్చిలో ఇంకా మలుపుల్లోనే ఉంటుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాలు తడిస్తే సబ్బు రాసినట్టే. వేగం మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే తగ్గించేయండి. పట్టాలను అడ్డంగా, సూటిగా దాటండి. రిమ్ బ్రేకులుంటే ముందు కాసేపు తేలిగ్గా నొక్కి నీళ్ళు తుడుచుకుపోనివ్వండి, పట్టు ఆ తర్వాతే వస్తుంది.

అపోహ: ముందువాడి చక్రం వెనకే ఉంటే గాలి తగలదు.

ఎదురుగాలికి నిజం. పక్కగాలి కొడితే ఆ నీడ ఏటవాలుగా పడుతుంది. గాలి ఎడమ నుంచి వస్తుంటే ముందువాడికి కుడి వెనక నిలబడాలి. అమెరికాలో చాలా అమెచ్యూర్ రోడ్ రేసుల్లో మధ్య గీత దాటితే వేటు పడుతుంది, అంటే మనకున్నది సగం రోడ్డే. అందులో అయిదారుగురికి నీడ దొరికితే గొప్ప. మిగతావాళ్ళంతా అంచున ఒకే వరసలో వేలాడుతూ ఒక్కొక్కరే తెగిపోతారు. ఆ వరసలో ఏడోవాడిగా ఉండి చచ్చేకంటే వెనక్కి తిరిగి చూసి, ముగ్గురు నలుగురిని కలుపుకుని రెండో గుంపు కట్టడం నయం.

అపోహ: చలిలో నీళ్ళు, తిండి పెద్దగా అక్కర్లేదు.

చలిలో దాహం తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువే వస్తుంది. గంటకు 400-500 మిల్లీలీటర్లు గుటకలుగా తాగండి. పిండిపదార్థం గంటకు 60 గ్రాములు, అలవాటుంటే 90. ఎనర్జీ బార్లు చలికి రాయిలా అవుతాయి, గ్లవ్స్‌తో కవరు చిరగదు. ఇంట్లోనే ముక్కలు కోసి, కవర్ల మూల కత్తిరించి పెట్టుకోండి.

అపోహ: వణుకు తగ్గిందంటే ఒళ్ళు వెచ్చబడింది.

ఒక్కోసారి అది ప్రమాదం ముదిరిన గుర్తు. శరీర ఉష్ణోగ్రత 32 డిగ్రీల దరిదాపులకు పడిపోతే వణుకు ఆగిపోతుంది. అంతకు ముందే మాట ముద్దముద్దగా వస్తుంది, హెల్మెట్ బకిల్ కూడా తీసుకోలేరు, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తారు. అలాంటి మనిషిని రేసులో కొనసాగనివ్వకండి. తడి బట్టలు విప్పి, పొడి దుప్పట్లు కప్పి, స్పృహ ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చని టీ పట్టించండి. మద్యం పోయకూడదు, చేతులూ కాళ్ళూ రుద్దకూడదు. తికమక పడుతున్నా, వణుకు ఆగినా ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయండి.

అపోహ: రేసు అయ్యాక ప్రెషర్ వాషర్‌తో కడిగితే సైకిల్ శుభ్రం.

ఆ ధార సీళ్ళ కిందుగా బేరింగుల్లోకి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కలిసిన నీళ్ళను తోసేస్తుంది. బకెట్టు నీళ్ళు, బ్రష్షు చాలు. చైన్ తుడిచి ఆరబెట్టి వెట్ ల్యూబ్ (తడిలో నిలిచే చైన్ ఆయిల్) వేయండి, రోటరు (డిస్క్ బ్రేకు పళ్ళెం) మీద చుక్క కూడా పడనివ్వకండి. బ్రేకు ప్యాడ్ల మందం అప్పుడే చూసుకోండి, ఒక్క తడి, ఇసుక రేసులో అవి ఆశ్చర్యపోయేంత అరిగిపోతాయి.