గోల్డెన్ అవర్: ఆస్పత్రి గుమ్మం దగ్గర పోతున్న నిమిషాలు

రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్సపై మళ్లీ చర్చ నడుస్తోంది. అంబులెన్సులు చాలడం లేదని ఒక మాట, బిల్లులు సకాలంలో రావని ఆస్పత్రుల మాట. ప్రమాదం జరిగిన తర్వాతి మొదటి గంటను గోల్డెన్ అవర్ అంటారు, ప్రాణం కాపాడే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ గంటలోనే. నేటి గొడవకు మూలం మాత్రం 1989 నాటి ఒక కేసులో ఉంది.

ఒక స్కూటరిస్టును కారు గుద్దింది. నెత్తురోడుతున్న ఆయన్ని దారినపోయే మనిషి దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చాడు. డాక్టర్లు చెయ్యి వెయ్యలేదు. మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసు విచారణతో ముడిపడిన గాయాల కేసులు చూసే ఆస్పత్రి వేరే ఉంది, అక్కడికి తీసుకెళ్లమన్నారు. అది సుమారు 20 కిలోమీటర్ల దూరం. అక్కడికి చేరేలోపే ప్రాణం పోయింది. పత్రికలో వచ్చిన ఆ వార్త పట్టుకుని మానవ హక్కుల కార్యకర్త పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. సర్కారీ అయినా ప్రైవేటు అయినా డాక్టరు ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతే అని ఆ ఏడాది ఆగస్టు 28న కోర్టు తేల్చింది.

ఆ కేసులో మోసుకొచ్చిన మనిషి ఉన్నాడు, దగ్గర్లో ఆస్పత్రి ఉంది, లోపల డాక్టర్లున్నారు. అయినా బతకలేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 మన పల్లెల రాత మార్చింది. కుయ్ కుయ్‌మంటూ బండి ఊళ్లోకొస్తే అదే ధైర్యం. కానీ బండి గేటు వరకే తేగలదు. స్ట్రెచర్ పక్కన ఓ తమ్ముడు సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉండగానే, బెడ్డు లేదు, న్యూరోసర్జన్ లేరు, పెద్దాసుపత్రికి పొమ్మంటూ చీటీ చేతికొస్తుంది. కడుపులోని ప్లీహం (స్ప్లీన్) పగిలి లోపల రక్తం పోతుంటే సెలైన్‌తో ఆగదు. రక్తం ఎక్కించాలి, ఆపరేషన్ టేబుల్ ఎక్కించాలి.

నిమిషాలకు అంత విలువ లేదనే వాళ్లు 2010 నాటి ఉత్తర అమెరికా అధ్యయనాన్ని చూపిస్తారు. 3,656 మంది క్షతగాత్రుల్లో అంబులెన్స్ సమయానికీ మరణాలకూ సంబంధం కనిపించలేదు. నిజమే. కానీ వాళ్లు చేరింది తీవ్ర గాయాల చికిత్సకు ప్రత్యేకించిన 51 ట్రామా ఆస్పత్రులకు. అక్కడ రక్తం, సర్జన్ సిద్ధంగా ఉంటాయి. మన క్షతగాత్రుడి గడియారం మొదటి ఆస్పత్రి గేటు దగ్గర ఆగదు, రెండోదాని దాకా, ఒక్కోసారి మూడోదాని దాకా నడుస్తూనే ఉంటుంది.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాదం తర్వాతి గంటనే గోల్డెన్ అవర్‌గా రాశారు. ఆ గంటలో ఉచిత చికిత్సకు పథకం పెట్టాలన్నారు. ఐదేళ్లు దాటినా రాలేదు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు గడువు విధించాక, మే 5న నోటిఫికేషన్ వెలువడింది: ఒక్కొక్కరికి లక్షన్నర దాకా, ఏడు రోజుల వరకు. అదీ గుర్తింపు పొందిన ఆస్పత్రిలోనే. జాబితాలో లేనిచోట పరిస్థితి కుదుటపరిచే వరకే చూస్తారు. ఆ తర్వాత మళ్లీ స్ట్రెచర్ దించాలి, మళ్లీ బండి ఎక్కించాలి.