ఇన్సులిన్ పని చేయాలంటే కాస్త పెరాక్సైడ్ కావాలి

మెడికల్ షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద 3 శాతం అని ఉంటుంది. లెక్క కడితే లీటరుకు సుమారు 0.9 మోల్. ఇదే పదార్థం మన కణాల్లోనూ నిత్యం తయారవుతుంది. అయితే అక్కడ దాని గాఢత కొద్ది నానోమోలార్లే (లీటరుకు ఒక మోల్‌లో వంద కోట్ల వంతు ఉంటే ఒక నానోమోలార్), సీసాలో ఉన్నదాంట్లో దాదాపు పది కోట్ల వంతు. ఆ మోతాదులో అది దేన్నీ చంపదు. ఇన్సులిన్ ఇచ్చిన సంకేతం వెంటనే చెరిగిపోకుండా కాపాడుతుంది.

ఈ సంగతి ఆనవాళ్లు 1970లలోనే దొరికాయి. కొవ్వు కణాలకు పెరాక్సైడ్ కలిపితే ఇన్సులిన్ లేకపోయినా గ్లూకోజ్‌ను ఎక్కువగా లోపలికి తీసుకున్నాయి. ఎలుక కొవ్వు కణాలకు ఇన్సులిన్ ఇస్తే అవి సొంతంగా పెరాక్సైడ్ తయారు చేస్తాయని 1979లో మే, డి హేయన్ అనే పరిశోధకులు చూపించారు. అది ఏ ప్రొటీన్ మీద పని చేస్తుందన్నది మాత్రం తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు ఇన్సులిన్ గ్రాహకం, అంటే కణం పొర మీద ఇన్సులిన్‌ను అందుకునే ప్రొటీన్ సంగతి చూద్దాం. దానికి కణం బయట రెండు ఆల్ఫా గొలుసులు, పొరను దాటి లోపలికి దిగే రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఇన్సులిన్ బయట అతుక్కోగానే లోపలి బీటా గొలుసులు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. ముఖ్యంగా 1158, 1162, 1163 స్థానాల్లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద. ఈ మూడింటికీ ఫాస్ఫేట్ పడితే గ్రాహకం పూర్తిగా మేలుకున్నట్టు. అక్కడి నుంచి సంకేతం ఐఆర్‌ఎస్ ప్రొటీన్లు, పీఐ3 కైనేజ్, ఆక్ట్ అనే కణం లోపలి ప్రొటీన్ల మీదుగా సాగి, చివరికి గ్లూట్4 అనే గ్లూకోజ్ వాహకాన్ని కణం పొర మీదికి చేరుస్తుంది.

ఆ ఫాస్ఫేట్లను తీసేసే ఎంజైమ్ పీటీపీ1బీ. ఇన్సులిన్‌కు ఇది బ్రేకు. ఈ జన్యువు తీసేసిన ఎలుకలను 1999లో పరీక్షించినప్పుడు వాటిలో ఇన్సులిన్ మామూలుకన్నా బాగా పని చేసింది. కొవ్వు మేత పెట్టినా అవి అంతగా లావెక్కలేదు. ఇంత బలమైన బ్రేకు ఎప్పుడూ పడే ఉంటే ఇన్సులిన్ వచ్చినా గ్రాహకం మేలుకోవడం కష్టం. కాబట్టి దాన్ని కాసేపు వదులు చేసేది ఏదో ఉండాలి.

ఆ పని చేసేది పెరాక్సైడ్. పీటీపీ1బీ పని అంతా 215వ స్థానంలోని సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం మీద ఆధారపడి ఉంటుంది. మామూలు సిస్టీన్‌లోని గంధకం పీహెచ్ 8.5 దాకా తన ప్రోటాన్‌ను వదలదు. ఈ సిస్టీన్ చుట్టూ ఉన్న అమరిక వల్ల 5.4 దగ్గరే వదిలేస్తుంది. అంటే కణంలో ఉండే పీహెచ్ 7 దగ్గర ఈ గంధకం ఎప్పుడూ రుణావేశంతోనే ఉంటుంది. ఫాస్ఫేట్‌ను పట్టుకునే శక్తి దానికి ఇలా వస్తుంది. పెరాక్సైడ్‌కు సులువుగా దొరికిపోవడానికీ కారణం అదే. ఆక్సిజన్ పరమాణువు ఒకటి వచ్చి చేరితే గంధకం సల్ఫెనిక్ ఆమ్లంగా మారి ఎంజైమ్ ఆగిపోతుంది.

కథ అక్కడితో ఆగదు. సల్ఫెనిక్ ఆమ్లం ఇంకా ఆక్సీకరణ చెందితే సల్ఫినిక్, సల్ఫోనిక్ ఆమ్లాలుగా మారుతుంది. అక్కడికి చేరిన పీటీపీ1బీ మళ్లీ పనికిరాదు. ఆ ప్రమాదాన్ని తప్పించే ఏర్పాటు 2003లో ఈ ఎంజైమ్ స్ఫటికాల ఎక్స్-రే చిత్రాల్లో బయటపడింది. ఆక్సీకరణ చెందిన గంధకం పక్కనున్న సెరీన్ అనే అమైనో ఆమ్లం తాలూకు నైట్రోజన్‌తో బంధం కట్టి చిన్న వలయంగా మారుతుంది. దీన్ని సల్ఫెనైల్ అమైడ్ అంటారు. వలయంలో ఉన్నంతసేపు గంధకానికి రక్షణే. తర్వాత గ్లూటాథయోన్ లాంటి, గంధకం ఉన్న థయోల్ అణువులు వచ్చి వలయాన్ని విప్పి ఎంజైమ్‌ను తిరిగి పనిలో పెడతాయి. రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు ముచ్చటపడే ఏర్పాటిది.

ఇన్సులిన్ ఇచ్చాక పెరాక్సైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? కొవ్వు కణాల్లో ముఖ్య వనరు నాక్స్4 అనే ఎంజైమ్ అని గోల్డ్‌స్టైన్ బృందం 2004లో చూపించింది. అంతకు ముందు 2001లో అదే బృందం ఇన్సులిన్‌తో పీటీపీ1బీ నిజంగానే ఆక్సీకరణ చెందుతోందని, కెటలేజ్‌తో పెరాక్సైడ్‌ను తీసేస్తే గ్రాహకం మీద ఫాస్ఫేట్లు తగ్గుతాయని రుజువు చేసింది. పీటెన్ అనే మరో బ్రేకు కూడా పెరాక్సైడ్‌కు లొంగుతుంది. అందులో 71, 124 సిస్టీన్లు ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. పరీక్షనాళికలో పీటీపీ1బీ పెరాక్సైడ్‌తో కలిసే వేగం చాలా తక్కువ, సెకనుకు మోలార్‌కు 20 ప్రాంతం. పెరాక్సైడ్ 1 మైక్రోమోలార్ ఉందనుకున్నా సగం ఎంజైమ్ ఆక్సీకరణ చెందడానికి తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. ఇన్సులిన్ పని నిమిషాల్లో జరుగుతుంది. పైగా పెరాక్సిరెడాక్సిన్లు అనే ఎంజైమ్‌లు పెరాక్సైడ్‌ను లక్షల రెట్లు వేగంగా మింగేస్తాయి. దీనికి ఒక సమాధానం చోటు: నాక్స్4 పక్కనే పీటీపీ1బీ ఉంటే అక్కడ గాఢత ఎక్కువగా ఉంటుంది. రెండోది కార్బన్ డయాక్సైడ్: బైకార్బొనేట్ సమక్షంలో పెరాక్సైడ్ పెరాక్సీమోనోకార్బొనేట్‌గా మారి ఈ సిస్టీన్ మీద చాలా వేగంగా పని చేస్తుంది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే పాత ప్రయోగాలు చాలావాటిలో బైకార్బొనేట్ లేని బఫర్లే వాడారు.

ల్యాబులో ఈ ప్రయోగాలు తప్పుదారి పట్టే చోట్లు చాలానే ఉన్నాయి. కణాలను చిదిమే బఫర్‌లో అలవాటుగా డీటీటీ అనే, ఆక్సీకరణను వెనక్కి తిప్పే రసాయనం కలిపితే ఆక్సీకరణ చెందిన పీటీపీ1బీ అంతా మళ్లీ మామూలు స్థితికి వచ్చేసి, ఏమీ జరగలేదని ఫలితం వస్తుంది. అందుకే గాలి తగలకుండా కణాలను చిదమాలి. ఆక్సీకరణ చెందని సిస్టీన్లను అయొడోఎసిటమైడ్‌తో మూసేసి, డీటీటీని ఆ తర్వాతే వాడాలి. పెంపక ద్రవంలో 1 మిల్లీమోలార్ పైరువేట్ ఉంటే బయట నుంచి కలిపిన పెరాక్సైడ్‌ను అదే తినేస్తుంది. పెరాక్సైడ్‌ను కొలవడానికి ఎక్కువమంది వాడే డీసీఎఫ్ అనే మెరిసే రంగు పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరపదు. ఇనుము, పెరాక్సిడేజ్ ఉంటేనే వెలుగుతుంది, పైగా తానే కొంత పెరాక్సైడ్ పుట్టిస్తుంది. 2006లో వచ్చిన హైపర్ అనే ప్రొటీన్ సెన్సర్ దీనికన్నా నమ్మదగినది. కాకపోతే అది పీహెచ్ మారినా స్పందిస్తుంది కాబట్టి పీహెచ్‌కు మాత్రమే స్పందించే జత సెన్సర్‌ను పక్కన పెట్టుకోవాలి.

పెరాక్సైడ్ మరీ తగ్గినా నష్టమేనని ఎలుకలు చూపించాయి. పెరాక్సైడ్‌ను తొలగించే జీపీఎక్స్1 ఎంజైమ్‌ను అతిగా తయారు చేసే ఎలుకలు లావెక్కి, ఇన్సులిన్‌కు సరిగా స్పందించలేదు. ఆ ఎంజైమ్ లేని ఎలుకలకు కొవ్వు మేత పెట్టినా ఇన్సులిన్ బాగానే పని చేసింది. మనుషుల్లో 2009 నాటి ఒక ప్రయోగం ఉంది. 4 వారాలు వ్యాయామం చేసిన యువకుల్లో రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ మాత్రలు వేసుకున్నవారికి, వ్యాయామంతో రావాల్సిన ఇన్సులిన్ మెరుగుదల రాలేదు. అది పెద్ద మోతాదు మాత్రల సంగతి, జామకాయలు మానేయమని కాదు. మరోవైపు, పెరాక్సైడ్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే జేఎన్‌కే లాంటి కైనేజ్‌లు ఐఆర్‌ఎస్ ప్రొటీన్ల సెరీన్ల మీద ఫాస్ఫేట్ వేసి సంకేతాన్ని మొద్దుబారుస్తాయి. ఎక్కువ తక్కువల మధ్య ఉన్న ఆ సందు ఇరుకైనదే.

పీటీపీ1బీని ఆపే మందు కోసం కంపెనీలు చాలాకాలం ప్రయత్నించాయి. ఆ సిస్టీన్ ఉన్న గుంటలో పట్టే అణువులకు రుణావేశం ఉండాలి, రుణావేశం ఉన్న అణువులు కణం పొరను దాటలేవు. అందుకే అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలలోని నికోలస్ టాంక్స్ బృందం 2011లో వేరే దారి పట్టింది. వలయంగా మారి ఆకారం మార్చుకున్న పీటీపీ1బీని మాత్రమే గుర్తించే యాంటీబాడీ ముక్కలను తయారు చేసి, వాటిని కణాల లోపలే పుట్టించింది. అవి ఎంజైమ్‌ను ఆక్సీకరణ చెందిన స్థితిలోనే పట్టి ఉంచాయి, ఇన్సులిన్ సంకేతం బలపడింది. ఇప్పుడు అదే పని చేసే చిన్న అణువు కావాలి, ఎందుకంటే యాంటీబాడీని మాత్రగా మింగించి కణం లోపలికి పంపలేం.