తూలితే తాగినట్టేనా? వడదెబ్బ మీద అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని, వడదెబ్బతో నాకేం పని అంటారు. మా మిర్యాలగూడ వైపు సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్లలో యాసంగి కాంటాలు అయిపోయాక, జూన్‌లో ఒకరిద్దరు వస్తారు, కాళ్లు ఎడంగా వేస్తూ, గోడ పట్టుకుని. "పక్షవాతమా సారూ?" అని ఇంట్లోవాళ్ల టెన్షన్. పక్షవాతం కాదు, మేలో తగిలిన వడదెబ్బ.

అపోహ: "తూలుతుండు, మాట ముద్దగ వస్తుంది, కల్లు ఎక్కువైంది. పండుకుంటే దిగుతది."

ఈ ఒక్క మాట మానేస్తే చాలు నాకు. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతింటుంది. అందులోనూ నడకను, చేతి పనిని, మాటను అదుపులో ఉంచే చిన్నమెదడు వేడికి అసలు తట్టుకోదు, అక్కడ చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు. అందుకే స్పృహ తప్పకముందే చేతులు తడబడతాయి. పోయినేడు వచ్చినాయన బస్తాలు కుట్టేవాడు. దబ్బనం గోనెలోకి దిగకుండా రెండుసార్లు తన వేలికే గుచ్చుకుంటే పక్కవాళ్లు నవ్వారట. తర్వాత ఏదేదో మాట్లాడుతుంటే తీసుకెళ్లి వేపచెట్టు కింద పండబెట్టారు, రెండు గంటలు. పొద్దున ఓ సీసా కల్లు తాగిన మాట నిజమే, కానీ తాగినవాడికి వడదెబ్బ తగలదా, ఇంకా తొందరగా తగులుతుంది! ఇప్పుడాయన చొక్కా గుండీలు భార్య పెడుతుంది.

ఎండలోనో, వేడి షెడ్డులోనో పనిచేసే మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బే అనుకోండి, తాగాడా లేదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. 108కి ఫోన్ చేస్తూనే నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి ఆడించండి, బండి వచ్చేదాకా ఆపొద్దు. మత్తుగా ఉంటే నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"చెమట పడుతుంది కదా, వడదెబ్బ కాదు" అంటారు. కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట కారుతూనే ఉండొచ్చు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు. నీడలో ఉన్నా రైస్‌మిల్లు డ్రయ్యర్ పక్కన తగులుతుంది.

"ఎండలో పుట్టి పెరిగినోళ్లం" అనేవాళ్లకు ఒక్క మాట. ఆ అలవాటు పుట్టుకతో వచ్చేది కాదు, ఒకటి రెండు వారాలు ఎండలో పనిచేస్తే వస్తుంది, కొన్ని వారాలు మానేస్తే పోతుంది. హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని కోతలకు వచ్చిన కొడుకుని మొదటిరోజే బస్తాలు మోయించకండి.

ఎండలో చేతులు కాస్త వణికిన ప్రతివాళ్లూ భయపడక్కర్లేదు. మాట స్పష్టంగా ఉండి, కళ్లు మూసుకుని వేలితో ముక్కు ముట్టుకోగలిగితే నీడలో కూర్చుని ఓఆర్‌ఎస్సో, ఉప్పేసిన సల్లో నిమ్మళంగా తాగండి. అరగంటలో తగ్గకపోతే ఆసుపత్రికి పోండి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవాలా అని మాత్రం అడగొద్దు, దాన్ని కోసుకుని ఆ సల్లన్నంలో నంజుకోండి.